మొదటిసారి కుక్కను దత్తత తీసుకుంటున్నారా? బుట్టలోని పిల్లను కాదు, పక్కనున్న పెద్దదాన్ని చూడండి

[తెర మీద: అడాప్షన్ క్యాంప్. ఒక మూల కుక్కపిల్లల బుట్ట, చుట్టూ జనం. ఇంకో మూల రెండు పెద్ద కుక్కలు, ఒక వాలంటీరు.]

ఏ క్యాంప్‌కి వెళ్లినా ఇదే సీను. పిల్లల బుట్ట దగ్గర జాతర. నాలుగడుగుల అవతల రెండు మూడేళ్ల కుక్క కూర్చుని ఉంటుంది, అటు చూసేవాళ్లే ఉండరు. ఇంతవరకు కుక్కను పెంచనివాళ్లు ముందు వెళ్లాల్సింది అటువైపే. ఈ వీడియోలో నేను చెప్పబోయేది ప్రధానంగా అదే. ఒప్పుకోవడం మీకు కష్టమని తెలుసు, కాబట్టి కారణాలు చెప్తాను.

[తెర మీద: క్యాలెండర్. అక్టోబరు, డిసెంబరు, ఫిబ్రవరి.]

ముందు పిల్లల సంగతి. చిత్తకార్తె కుక్కలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మన వీధికుక్కలు ఎక్కువగా వానలు వెనకబట్టే రోజుల్లోనే జతకడతాయి. చిత్తకార్తె వచ్చేది అక్టోబరు రెండో వారంలో. కడుపుతో ఉండేది అటూఇటుగా 63 రోజులు. అంటే డిసెంబరులో ఈనుతుంది. పిల్ల కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. లెక్కేస్తే ఫిబ్రవరి అవుతుంది. కానీ వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతికే "అర్జెంట్ అడాప్షన్" అని ఫొటోలు మొదలవుతాయి. తల్లి బతికే ఉంటే, నెల పిల్లను ఇస్తామన్నా తీసుకోకండి. ఎంత గట్టిగా కరిస్తే ఎక్కువో పిల్లకు నేర్పేది తల్లీ తోబుట్టువులే.

ఎనిమిది వారాల పిల్ల ఇంటికొచ్చిందే అనుకోండి. రెండు గంటలకోసారి ఉచ్చ. చెప్పులు, చార్జర్ వైర్లు, సోఫా మూలలు దాని పళ్లకే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలైన టీకాలు మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. అవి పూర్తయ్యేలోపు వీధిలో దింపితే పార్వో భయం. రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసేయగల జబ్బు అది. పోనీ ఇంట్లోనే ఉంచుదామా అంటే, మనుషులకూ బళ్లకూ చప్పుళ్లకూ కుక్క అలవాటు పడే వయసు మూడు నుంచి 14 వారాల మధ్యే. చంకనెత్తుకుని లోకం చూపించాలి, నేల మీద మాత్రం దింపకూడదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఏడుకు వచ్చే ఇంట్లో ఇది జరిగే పనేనా?

[తెర మీద: ఒక ఇండీ కుక్క తాపీగా నడుస్తూ.]

పెద్ద కుక్కలో ఈ గొడవ ఉండదు. పెరగాల్సింది పెరిగిపోయింది. మన ఇండీ, అంటే మన వీధుల్లో కనిపించే దేశీ కుక్క, సాధారణంగా 15 నుంచి 25 కిలోల మధ్య ఉంటుంది, మీరు చూస్తున్నదే దాని సైజు. పిల్లలంటే ఇష్టమో విసుగో, ఒంటరిగా ఉండగలదో లేదో, లిఫ్ట్ ఎక్కుతుందో లేదో ఇప్పటికే తెలుసు. వీధిలో పెరిగినవి చాలావరకు పడుకునే చోట పాడు చేయవు. బయటికి తీసుకెళ్లే వేళలు కుదిరితే చాలు, ఆగడం వాటికి వచ్చు.

"పెద్దది మనకి అలవాటు పడుతుందా?" అని అందరూ అడుగుతారు. మీ వీధిలో రోజూ అన్నం పెట్టే ఆంటీ ఉంటే ఒకసారి గమనించండి. ఆవిడ స్కూటీ మలుపు తిరగకముందే కుక్కలు లేచి నిలబడతాయి. వాటిలో పిల్లలెన్ని?

[తెర మీద: కాగితం, పెన్ను. "మంగళవారం" అని రాస్తున్న చెయ్యి.]

కుక్కను చూడ్డానికి వెళ్లే ముందు, మామూలు మంగళవారం మీ ఇంట్లో ఎలా గడుస్తుందో కాగితం మీద పెట్టండి. ఆదివారం వద్దు, ఆదివారం అందరమూ కుక్కను పెంచగలం. పొద్దున ఆరింటికి లేచేదెవరు? మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారు? రాత్రి పదింటికి కిందికి దింపేదెవరు? లిఫ్ట్ పాడైన రోజు ఐదో అంతస్తు నుంచి ఎలా? నాయనమ్మకు మోకాళ్ల నొప్పులుంటే మీద పడి ఎగిరే కుక్క వద్దు. ఐదేళ్లలోపు పిల్లలుంటే, ఇదివరకు పిల్లలున్న ఇంట్లో మెలిగిన కుక్కనే అడగండి.

మడి, పూజగది సంగతి నవ్వేసి వదిలేసేది కాదు. పెద్దవాళ్లు ఒప్పుకోకుండా తెచ్చిన కుక్క బాల్కనీలో గొలుసుకే బతుకుతుంది. వంటింట్లోకి, పూజగదిలోకి రాకుండా ఒక చిన్న అడ్డుగేటు పెడితే సరిపోతుంది, కానీ ఆ మాట కుక్క రాకముందే తేలాలి. శాకాహారం ఇల్లయితే ఒకటి గుర్తుంచుకోండి: పెరుగన్నం ఒక్కటే పెడితే దానికి సరిపడా పోషణ అందదు. గుడ్డుకైనా ప్యాకెట్ ఫుడ్‌కైనా ఇంట్లో చోటివ్వాలి. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మాత్రం పెంపుడు కుక్కలే వద్దని నిషేధం పెట్టకూడదు. 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాలు ఆ మాటే చెప్తున్నాయి.

ఇక ఎక్కడ వెతకాలి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో అలాంటిదే వీఎస్‌పీసీఏ ఉంది, చాలా ఊళ్లలో సొంతింట్లోనే కుక్కల్ని ఉంచి చూసుకునే ఫోస్టర్లు ఉన్నారు. మొదటిసారి అయితే నా ఓటు ఫోస్టర్ ఇంట్లో ఉన్న కుక్కకే. కుక్కర్ కూతకు అదేం చేస్తుందో, పనమ్మాయి తలుపు కొడితే ఏం చేస్తుందో అక్కడే తెలుస్తుంది.

ఒక చిన్న అపోహ. చెవికి గాటున్న ప్రతి కుక్కా దత్తతకు ఉన్నట్టు కాదు. ఆ గాటు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న వీధికుక్కకు ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, సాధారణంగా పట్టిన చోటే వదలాలి. దత్తతకు ఎక్కువగా వచ్చేవి బండి గుద్దితే కోలుకున్నవి, తల్లి లేని పిల్లలు, డబ్బిచ్చి కొని తర్వాత రోడ్డున వదిలేసినవి.

[తెర మీద: హస్కీ, ల్యాబ్, పగ్.]

కొని వదిలేసినవాటిలో హస్కీలు చాలా కనిపిస్తాయి. మంచు దేశంలో బండి లాగే జాతి, మన మే నెల 40 డిగ్రీల ఎండ. బొమ్మలా ఉందని తెచ్చుకోవడం, ఏసీ బిల్లు చూసి వదిలేయడం. మొదటిసారి వద్దు. పగ్‌కి ముక్కు పొట్టి, ఎండకు ఊపిరాడదు. కాపలాకని గొలుసుకే పెరిగిన రాట్‌వీలర్ అనుభవం ఉన్నవాళ్లకే. ల్యాబ్రడార్ మంచిదే, రెండు పూటలా గట్టిగా నడిపించే ఓపిక ఉంటే. మూడు కాళ్ల ఇండీని చూసి మాత్రం భయపడకండి. చాలావరకు అవి మామూలుగానే పరుగెత్తుతాయి.

ఇంకో మాట. గ్రహదోషం పోతుందని నల్లకుక్క కోసం వచ్చేవాళ్లుంటారు. దోషం ఎన్నాళ్లుంటుందో జ్యోతిష్యులు చెప్తారు, కుక్క పది పన్నెండేళ్లు ఉంటుంది.

[తెర మీద: కుక్కకు పక్కగా నేల మీద కూర్చున్న మనిషి.]

కుక్కను కలిసే రోజు. చుట్టూ ముప్పై కుక్కలు మొరుగుతుంటే ఏ కుక్క స్వభావమూ తెలియదు. బయటికి తెమ్మని అడగండి. నేల మీద దానికి పక్కగా తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడకండి, తల మీద చెయ్యి వేయకండి. అది వచ్చి, వాసన చూసి, వెళ్లి, మళ్లీ వచ్చిందంటే మంచి లక్షణం. తోక ఆడినంత మాత్రాన స్నేహమని కాదు. తోక పైకి బిగుసుకుని కొస ఒక్కటే ఆడుతూ, ఒళ్లు బిగబట్టి ఉంటే అది హెచ్చరిక. నడుమంతా వంకర్లు తిరిగేలా ఊపితే సంతోషం. ఊరికే ఆవులించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం ఇబ్బందికి గుర్తులు. కాస్త వెనక్కి జరగండి.

రెండు చోట్ల మనసు మోసపోతుంది. ఒకటి, పరుగెత్తుకొచ్చి మీద పడే కుక్క. "అదే నన్ను ఎంచుకుంది" అనుకుంటాం. మీ తర్వాత వచ్చినవాళ్ల మీదా అలాగే పడుతుంది, దాని ఉత్సాహం అంత. రెండోది, మూలన వణుకుతూ కూర్చున్నది. దాన్ని చూసి జాలిపడనివాళ్లుండరు. కానీ దానికి కావాల్సింది భయపడ్డ కుక్కల్ని దారికి తెచ్చిన అనుభవం ఉన్న ఇల్లు. దాని పేరున ఒక నెల మందులకు డబ్బివ్వండి, ఇంటికి వేరేదాన్ని తీసుకెళ్లండి.

తర్వాత రోజూ దాన్ని చూసుకునే మనిషితో మాట్లాడండి, సంస్థ పెద్దలతో కాదు. చీపురో కర్రో ఎత్తితే ఏం చేస్తుంది? హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూస్తే? తింటున్నప్పుడు దగ్గరికెళ్తే? ఇదివరకు ఎవరైనా తీసుకెళ్లి తిరిగిచ్చారా, ఎందుకు? "ఏ ప్రాబ్లం లేదండీ, బంగారం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకొకరిని అడగండి. దాని చిన్న చిన్న పేచీలు కూడా వివరంగా చెప్పేవాళ్లనే నమ్మొచ్చు.

[తెర మీద: టీకాల పుస్తకం.]

ఆరోగ్యం. టీకాల పుస్తకం, ఆపరేషన్ అయిందా లేదా అన్నది చూడండి. వీధి నుంచి వచ్చిన కుక్కకు పిడుదుల జ్వరం పరీక్ష చేయించారా అని తప్పక అడగండి. ఎర్లికియా, బబీసియా అని డాక్టర్లు అనేవి అవే. పైకి బాగానే కనిపిస్తూ లోపల రక్తకణాలు పడిపోతుంటాయి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుంచి బతికినవాటిలో కొన్నిటికి కాలో దవడో ఎప్పుడూ అదురుతుంటుంది. అది చూసి పారిపోనక్కర్లేదు, ఫిట్స్ వస్తాయా అని మాత్రం అడగండి. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక ఒకటి, తర్వాత ఏటా. జులై 6, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. టీకా ఉన్న కుక్కే అయినా పన్ను గీరుకుంటే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

[తెర మీద: కారు తలుపు, హార్నెస్, రెండు తాళ్లు.]

తీసుకొచ్చే రోజు అసలు ప్రమాదం పారిపోవడం. కారు తలుపు తీయగానే దూకి, తెలియని వీధిలో పడి మాయమైన కుక్కలు ఎన్నో. ఛాతీకి తొడిగే హార్నెస్‌కి ఒక తాడు, మెడపట్టీకి ఒక తాడు, పట్టీ మీద మీ ఫోన్ నంబర్ ఉండాలి. దీపావళికి, మీ వీధిలో వినాయకుడి నిమజ్జనం డప్పులకు ముందు వారం తెచ్చుకోకండి. షెల్టర్లలో మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు. మూడు రోజులు బిత్తరచూపులు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇల్లు తనదవుతుంది. మొదటి రోజు తినకపోతే కంగారు పడకండి. చుట్టాలను పిలిచి చూపించకండి, స్నానం చేయించకండి.

సంతకం పెట్టే ముందు ఇంకొకటి అడగండి: "ముందు రెండు వారాలు ఫోస్టర్‌గా ఉంచుకోవచ్చా?" చాలామంది ఒప్పుకుంటారు. కుదరకపోతే తెచ్చిన చోటే తిరిగివ్వాలని దత్తత పత్రంలో రాయించండి, మీరూ అలాగే చేయండి. ఊరి చివర దింపేసి రావడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం.