కందనకాయలో సీసం

అన్నలకు, అక్కలకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. ఇవాళ మాట నీటిపక్షులను చంపే సీసపు గుండ్ల గురించి.

నేను మైకు అందుకోకముందే ముందు వరుసలో ఒకన్న అడిగేసినాడు: "సార్, మన కర్నూలులో బాతుల వేటే లేదు కదా, తుపాకీ గుండ్ల మాట మనకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట మీద కట్టడి వచ్చింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. చలికాలంలో గార్గేయపురం చెరువులో దిగే చారల తల బాతుల మీద ఎవరైనా తుపాకీ ఎత్తితే కేసే. అదే 1991లో అమెరికావాళ్లు ఇంకో పని చేసినారు. వేట ఆపలేదు. నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను మాత్రం దేశమంతటా ఆపేసినారు. ఎందుకో తెలియాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, మీ వంటింట్లోకి పోతే చాలు.

కోడి కందనకాయ కడిగినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? ఆ, అక్కలందరూ చేతులెత్తినారు. నిలువునా గాటు పెడితే లోపల పసుపుపచ్చ తోలు, దాంట్లో సగం నలిగిన జొన్నలు, ఇసుక, చిన్న చిన్న రాళ్లు. మా ఇంట్లో ఒకసారి నాటుకోడి కందనకాయలో గాజుపెంకు ముక్క దొరికింది. అంచులన్నీ అరిగిపోయి, ముక్కుపుడక రాయిలా నున్నగా ఉండింది. గాజునే అట్లా అరగదీసే తిరగలి అది. పక్షికి పళ్లు లేవు కదా, ఏరుకున్న రాళ్లతోనే నములుతుంది.

బాతు కూడా చెరువు అడుగు బురదలో ఇట్లాగే రాళ్లు ఏరుకుంటుంది. వేటగాడి తూటా ఒక్కదాంట్లో 100కు పైగా సీసపు గుండ్లు ఉంటాయి, ఒక్కోటి చిన్న మిరియమంత. పిట్టకు తగిలేవి ఏ నాలుగో ఐదో, మిగతావన్నీ నీళ్లపాలు. బాతు వాటిని రాయనుకుని మింగుతుంది, గింజనుకుని మింగుతుంది. కందనకాయ రుబ్బుతుంటే, కడుపులోని ఆమ్లం కరిగిస్తుంటే, సీసం నెత్తురులోకి పోతుంది. రెక్కలు వాలిపోతాయి, రెట్ట ఆకుపచ్చగా పడుతుంది, రొమ్ము ఎముక పైకి తేలుతుంది. రెండు మూడు వారాల్లో ప్రాణం పోతుంది. ఒక్కోసారి ఒక్క గుండు చాలు. ఏ జమ్ములోనో ఒకటొకటిగా చస్తాయి కాబట్టి ఎవరి కంటా పడవు. ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే శాస్త్రవేత్త 1959లో లెక్క కట్టి, ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో ఏటా 2 నుంచి 3 శాతం ఇట్లా పోతున్నాయని చెప్పినాడు. ఆ మాట దేశమంతా చట్టం కావడానికి 32 ఏళ్లు పట్టింది.

ఎందుకంత ఆలస్యం? బరువు దగ్గర తంటా. ఒక ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగితే ఇనుము 7.9 గ్రాములే. తేలిక గుండు గాలిలో తొందరగా వేగం తగ్గుతుంది. "ఇనుముతో కొడితే బాతు పడదు, గాయంతో ఎగిరిపోతుంది" అని పాత వేటగాళ్లు గొడవ చేసినారు. పాత తుపాకుల గొట్టాలు పాడవుతాయన్నారు. అందులో కొంత నిజం ఉంది, కొంత అలవాటు ఉంది. గుండును రెండు సైజులు పెద్దది చేసి, గొట్టానికి రాసుకోకుండా ప్లాస్టిక్ గిన్నెలో పెట్టి, మరీ దూరం నుంచి కాల్చకపోతే ఇనుమే సరిపోయింది. బిస్మత్ బరువులో సీసానికి దగ్గరగా వస్తుంది గానీ పెళుసు, అందుకే తగరం కలుపుతారు. టంగ్‌స్టన్ సీసం కంటే చాలా బరువు, ధర కూడా అట్లాంటిదే. జింకును కూడా చూసినారు, అది తిన్న బాతులకు అదీ విషమే అయింది. అందుకే అమెరికాలో కొత్త గుండు ఏది వచ్చినా విషం కాదని తేలాకే అనుమతి. డెన్మార్క్ 1996లో సీసపు గుండ్లను పూర్తిగా మానేసింది. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో 2023 నుంచి వద్దంది.

ఇప్పుడు మన సంగతి. తుపాకీ లేదు గానీ సీసం ఉంది. గాలం తాడుకు నొక్కే చిన్న గుండ్లు ఉన్నాయే, అవి బాతు గొంతులో పట్టే సైజు. బ్రిటన్‌లో హంసలు చస్తున్నాయని 1987లోనే అట్లాంటి గాలం సీసపు గుండ్లను ఆపినారు. చిన్నప్పుడు నేను వాటిని పళ్లతో నొక్కేవాణ్ని. తియ్యగా ఉందనిపించేది కూడా! ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

విసురు వల అంచుకు కట్టే సీసపు గుండ్లు పెద్దవి, వాటిని బాతులు మింగడం తక్కువే. అక్కడ నాకు బాతుల కంటే పిల్లల మీద బెంగ. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంటే కట్టెల పొయ్యి చాలు. పాత బ్యాటరీ సీసం గరిటెలో కరిగించి అచ్చు పోస్తుంటే పక్కనే పిల్లలు కూర్చుని చూస్తుంటారు. ఆ పొగ, ఆ బూడిద ఇంట్లోకే. పొయ్యి మీద సీసం మాత్రం ఇవాళే మానేయండి, దానికి ఏ చట్టం కోసమూ ఆగొద్దు.

వల అంచుకు ఇనుప గొలుసు కుట్టుకోవచ్చు. తుప్పు పడుతుంది, దారాన్ని కొరుకుతుంది, వాడినాక ఆరబెట్టుకోవాలి. కాల్చిన మట్టి గుండ్లు ఒడ్డున పెట్టే వలకు బాగుంటాయి గానీ విసురు వలకు తేలికైపోయి, వల మునిగేలోపు జిలేబి చేప జారుకుంటుంది.

గట్టు మీద రెండు వలలు పెట్టినాం, ఒకటి సీసంది, ఒకటి గొలుసుది. పుట్టి కూడా ఉంది. టీ తాగినాక విసిరి చూడండి, గొలుసు వల ఎంత ఆలస్యంగా మునుగుతుందో మీరే చెప్పండి. నా చేతికి మాత్రం ఇవ్వొద్దు. నేను విసిరితే వల గుండ్రంగా విచ్చుకోదు, కొడవలి లాగా పడుతుంది.