వాడలో సాహిత్యోత్సవం

శ్రోతలకు నమస్కారం.

సాహిత్యోత్సవం అనగానే పెద్ద నగరంలో, పెద్ద వేదికల మీద, పేరు మోసిన రచయితల చుట్టూ మూడు నాలుగు రోజులు సాగే సంరంభం మనకు గుర్తుకు వస్తుంది. ఈ పూట నేను మాట్లాడబోయేది దానికి దూరపు బంధువు లాంటి ఒక చిన్న ఉత్సవం గురించి. ఒక వాడలోని మనుషులు, ఆ వాడలోనే ఉన్న గ్రంథాలయంలోనో బడిలోనో సామాజిక భవనంలోనో, ఒక పూట గాని ఒక రోజు గాని కూర్చుని, రచయితల ప్రసంగాలూ వారి రచనల పఠనమూ వినే సందర్భం అది. దాన్ని పెద్ద ఉత్సవానికి చౌక నకలుగా భావించి నడిపితే తప్పకుండా వెలవెలపోతుందనీ, చిన్నదిగా ఉండటమే దాని బలమని గ్రహించి పఠనానికీ శ్రోతకూ పెద్దపీట వేస్తే మాత్రం పెద్ద వేదికల మీద కుదరనిది అక్కడ కుదురుతుందనీ నా అభిప్రాయం.

నేడు లోకమంతా ఎరిగిన ఉత్సవాల్లో కొన్ని నిరాడంబరంగా మొదలైనవే. ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో సాహిత్యోత్సవం 1949లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాలుగేళ్లకే మొదలై నేటికీ సాగుతోంది. వేల్స్ సరిహద్దులో ఉన్న హే-ఆన్-వై జనాభా 2,000కు మించదు. పాత పుస్తకాల దుకాణాల వల్ల అప్పటికే పేరు పొందిన ఆ చిన్న ఊళ్లో 1988లో ఒక కుటుంబం పూనుకుని ఆరంభించిన ఉత్సవానికి తరవాతి కాలంలో దేశదేశాల నుంచి పాఠకులు రాసాగారు. మన దేశంలో 2006లో మొదలైన జైపూర్ సాహిత్యోత్సవం కూడా తొలి ఏడాది కొద్దిమంది రచయితలతో, కొద్దిపాటి శ్రోతలతో గడిచినదే. ఇవన్నీ పెరిగాయి, పెరగడంలో తప్పేమీ లేదు. కాని వాటిని చూసి ప్రతి వాడలోని నిర్వాహకులూ అదే ఎదుగుదలను లక్ష్యంగా పెట్టుకుంటే, మొదట వారి చేతిలో ఉన్న విలువైన వస్తువు, అంటే రచయితకూ శ్రోతకూ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల దూరం, చేజారిపోతుంది.

1,000 మంది కూర్చున్న ప్రాంగణంలో గంటసేపు సాగే గోష్ఠిలో ప్రశ్నలకు మిగిలేది పది నిమిషాలైతే, ఆ పది నిమిషాల్లో మాట్లాడగలిగేది ముగ్గురో నలుగురో. మిగిలినవారు రచయితను చూసి వెళ్తారు. 40 మంది ఉన్న గదిలో పరిస్థితి వేరు. అక్కడ రచయిత శ్రోతల ముఖాలు చూస్తూ చదువుతారు. ఏ వాక్యం దగ్గర నవ్వారో, ఏ వాక్యం దగ్గర ధ్యాస తప్పిందో అప్పటికప్పుడే వారికి తెలిసిపోతుంది. విమర్శకుల వ్యాసాలు ఎన్ని చదివినా రచయితకు ఈ సమాచారం దొరకదు.

తన రచనను పైకి చదివి వినిపించే పనిని ఒక రచయిత ఎంత శ్రద్ధగా చేయవచ్చో చెప్పడానికి పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడదు. 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ పురభవనంలో ఆయన ఒక విద్యాసంస్థకు నిధులు సమకూర్చడం కోసం తన క్రిస్మస్ కథను మొదటిసారిగా బహిరంగంగా చదివాడు. ఆ వరుసలో ఒక పఠనం శ్రామికుల కోసమే, వారు చెల్లించగలిగే రుసుముకే జరగాలని పట్టుబట్టాడు. 1858 నుంచి సొంత రాబడి కోసం కూడా చదవడం మొదలుపెట్టి, తాను మరణించిన 1870వ సంవత్సరం మార్చి నెల దాకా, మధ్యమధ్య విరామాలతో, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పఠనాలు సాగించాడు. ఇందులో మనం గమనించవలసింది ఆయన పేరుప్రతిష్ఠలను కాదు, ఆయన చేసుకున్న ఏర్పాట్లను. అచ్చయిన పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదివేవాడు కాదు. పఠనం కోసమే కుదించిన ప్రతులు వేరుగా ఉండేవి. వాటిలో పేరాలకు పేరాలు కొట్టివేసి, ఎక్కడ గొంతు మార్చాలో, ఎక్కడ చెయ్యి కదపాలో అంచుల్లో రాసుకునేవాడు. ఎదుట పెట్టుకునే బల్ల కూడా శ్రోతలకు తన దేహం, చేతులు కనబడే విధంగా స్వయంగా రూపొందించుకున్నదే. నవల రాయడం ఒక పని, దాన్ని వినిపించడం మరొక పని అని ఆయనకు స్పష్టంగా తెలుసు. మంచి రచయితలు చాలామందికి ఈ సంగతి తెలియదని చెప్పక తప్పదు. అందుకే నిర్వాహకులు కొంచెం చొరవ చూపాలి.

తెలుగులో నింపాదిగా, వినేవారికి అర్థమయ్యేలా చదివితే నిమిషానికి సుమారు 100 మాటలు సాగుతాయి. సంభాషణలైతే కాస్త ఎక్కువ, సమాసాలు నిండిన వచనమైతే ఇంకా తక్కువ. ఈ లెక్కన పది నిమిషాల పఠనానికి అచ్చు పుస్తకంలో నాలుగైదు పేజీలు చాలు. రచయితలు తెచ్చుకునేది మాత్రం తరచుగా పదిహేను పేజీలు! సమయం మించిపోతోందని చీటీ అందగానే వారు వేగం పెంచుతారు, ఆ వేగంలో రచన నలిగిపోతుంది. కాబట్టి ఏ భాగం చదవాలన్నది ఉత్సవానికి కనీసం రెండు వారాల ముందే మాట్లాడుకుని, రచయిత చేత ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకసారి పైకి చదివించాలి. పుస్తకం చదివేవాడు అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పి చూసుకోగలడు, వినేవాడికి ఆ వీలు లేదు. రేడియోలో మాట్లాడేవారిని నిత్యం భయపెట్టే నిజం ఇదే. అరడజను పాత్రలు ఒక్కసారిగా ప్రవేశించే అధ్యాయం కంటే, ఇద్దరు మనుషులు ఒకచోట నిలబడి మాట్లాడుకునే సన్నివేశం పఠనానికి నప్పుతుంది. కథ మధ్యనుంచి చదువుతున్నప్పుడు ముందు జరిగినదంతా వివరించబోయి సగం సమయం పోగొట్టుకోవడం కంటే, రెండు వాక్యాల్లో సందర్భం చెప్పి చదవడం మేలు. పద్యమైనా వచన కవిత అయినా, చిన్నదైతే రెండుసార్లు చదవమని నేను ధైర్యంగా సలహా ఇస్తాను. మొదటిసారి చెవి లయను పట్టుకుంటుంది, రెండోసారి మనసు అర్థాన్ని పట్టుకుంటుంది.

ఈ పఠనానికి సమయం ఎక్కడి నుంచి వస్తుంది? స్వాగతోపన్యాసం, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి సందేశం, ఆత్మీయ అతిథి సందేశం, వక్తల పరిచయం, ఆ పరిచయం చేసేవారి పరిచయం, వందన సమర్పణ: ఇవన్నీ ముగిసేసరికి సభలో సగం కుర్చీలు ఖాళీ అయి, ఆ రోజు ఎవరి కోసం వచ్చామో ఆ రచయితకు ఏడు నిమిషాలు మిగిలిన సభలను మనలో చాలామంది చూశాం. రచయిత జీవిత విశేషాలను ఒక కాగితం మీద అచ్చు వేసి కుర్చీల్లో ఉంచితే పరిచయం ఒక్క నిమిషంలో ముగుస్తుంది. మర్యాదకు లోటు రాదు.

ప్రసంగం విషయంలో నాదొక చిన్న పక్షపాతం. ఒంటరిగా నిలబడి అరగంట మాట్లాడగలిగే రచయితలు తక్కువ. ఎదురుగా కూర్చున్న మనిషి సరైన ప్రశ్న అడిగితే మనసు విప్పి మాట్లాడగలిగేవారు ఎక్కువ. అందువల్ల ప్రసంగం కంటే సంభాషణే వాడ ఉత్సవానికి నప్పుతుందని నేను అనుకుంటాను. కాని ఆ ఎదురుగా కూర్చునే మనిషి పుస్తకాన్ని పూర్తిగా చదివి ఉండాలి. వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు చదివి వచ్చినవారు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకే తీరున ఉంటాయి: మీకు ప్రేరణ ఎవరు, ఎప్పటి నుంచి రాస్తున్నారు, నేటి యువతకు మీ సందేశం ఏమిటి. పుస్తకం చదివినవారు, రెండో అధ్యాయంలో ఆ తల్లి చేత ఒక్క మాట కూడా ఎందుకు మాట్లాడించలేదని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే రచయిత ముఖం మారుతుంది, అప్పటిదాకా చెప్పని సంగతి ఏదో బయటికి వస్తుంది. ఈ పనికి సాహిత్యాచార్యులే కావాలని లేదు. వాడలోని మంచి పాఠకుడో పాఠకురాలో చాలు.

శ్రోతల ప్రశ్నల ఘట్టం నిర్వాహకులను కంగారు పెడుతుంది, కారణం మనకు తెలిసిందే: ప్రశ్న పేరుతో లేచి ఉపన్యాసం ఇచ్చేవారు ప్రతి సభలోనూ ఉంటారు. దానికి నాకు తెలిసిన మంచి ఉపాయం, మైకును శ్రోత చేతికి ఇవ్వకుండా ఒక కార్యకర్తే పట్టుకుని నిలబడటం. ప్రశ్నలను చీటీల మీద రాసి ఇవ్వమనడం కూడా మంచిదే, ముఖ్యంగా నలుగురిలో మాట్లాడటానికి జంకేవారికి. కాకపోతే చీటీలో మనిషి గొంతు వినబడదు. మొదటి ప్రశ్నను పిల్లల చేత అడిగించండి, పెద్దలు ఆ తరవాత క్లుప్తంగా మాట్లాడతారు.

ఎవరిని పిలవాలన్నది తరవాతి మాట. పక్క నగరంలోని ప్రసిద్ధ రచయిత కోసం ఆరు నెలలు ఎదురుచూసే నిర్వాహకులకు, అదే వీధిలో ఇరవై ఏళ్లుగా కథలు రాస్తున్న ఉపాధ్యాయురాలు కనబడకపోవచ్చు. అనువాదకులను పిలవడం మరీ అరుదు. మూలభాషలో ఒక పేరా, అనువాదంలో అదే పేరా పక్కపక్కన చదివి వినిపిస్తే, ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడే కుటుంబాలున్న వాడలో అందరూ చెవి ఒగ్గి వింటారు. ప్రసిద్ధులను పిలవవద్దని కాదు. వారు ఒకరుంటే, వాడలోని రచయితలు ముగ్గురు ఉండాలి.

ఇదంతా సాహిత్య సంఘాలు మాత్రమే చేయగల పని అని కూడా అనుకోనక్కరలేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య మొదలైనవారు బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తల సభ జరిపి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించినప్పుడు, ఆ ఉద్యమం గ్రంథాలయాన్ని పుస్తకాలు దాచే గదిగా చూడలేదు. చదవడం రానివారికి కూడా చదువు అందించే చోటుగా చూసింది. వాడ గ్రంథాలయంలో జరిగే పఠనం ఆ ఆలోచనకు దగ్గరి చుట్టం. అమెరికాలోని సియాటిల్‌లో 1998లో అక్కడి ప్రజా గ్రంథాలయం ఊరంతా ఒకే నవల చదివి చర్చించుకునే ప్రయత్నం చేసింది, తరవాత ఎన్నో ఊళ్లు ఆ పద్ధతిని అనుసరించాయి. ఉత్సవానికి రాబోయే రచయిత పుస్తకాన్ని రెండు నెలల ముందే గ్రంథాలయంలో పది ప్రతులు ఉంచితే, ఆ రోజు వచ్చే శ్రోతల్లో కొందరైనా పుస్తకం చదివి వస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ ప్రాంతంలో మరో పద్ధతి ఉంది: ఒకే సాయంత్రం దుకాణాల్లో, కాఫీ హోటళ్లలో, కళా ప్రదర్శనశాలల్లో వేరువేరు పఠనాలు ఏర్పాటు చేస్తారు, జనం ఒకచోట విని నడుచుకుంటూ మరోచోటికి వెళ్తారు. సభా భవనం లేని వాడలకు ఇది నిజంగా పనికివచ్చే ఏర్పాటు.

గది విషయంలో కంటికంటే చెవికే ప్రాధాన్యం ఇవ్వాలి. నున్నని గోడలు, గచ్చు నేల ఉన్న ఖాళీ గదిలో శబ్దం ప్రతిధ్వనించి, ఒక అక్షరం మీద మరొక అక్షరం పడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ అర్థాన్ని నిర్ణయించే మన భాషకు ఇది పెద్ద నష్టం. తలుపులకు మందపాటి తెరలు, నేల మీద చాపలు పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నా గొంతు పెద్దదే, మైకు అక్కరలేదు అని రచయిత అన్నా ఒప్పుకోకూడదు. వినికిడి తగ్గినవారు తమకు వినబడటం లేదని లేచి చెప్పరు. కుర్చీలను అర్ధవృత్తాకారంలో వేయండి, రచయిత వెనక కిటికీ లేకుండా చూడండి. వెలుతురుకు ఎదురుగా కూర్చున్న శ్రోతకు రచయిత ముఖం నల్లగానే కనబడుతుంది.

ఇక డబ్బు సంగతి. 2016లో ఆంగ్ల రచయిత ఫిలిప్ పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్ సాహిత్యోత్సవ పోషకుడి స్థానం నుంచి తప్పుకున్నాడు. ఆ ఉత్సవం తనవద్ద మాట్లాడే రచయితలకు పారితోషికం ఇవ్వకపోవడమే అందుకు కారణం. గుడారం వేసినవారికీ మైకు పెట్టినవారికీ డబ్బు చెల్లించి, ఆ గుడారం ఎవరి కోసం వేశారో వారికి మాత్రం చెల్లించకపోవడంలోని అన్యాయాన్ని ఆయన ఎత్తిచూపాడు. వాడ ఉత్సవం దగ్గర నిధులు ఉండవు, నిజమే. దారి ఖర్చులైనా ఇచ్చి, పుస్తకాలు అమ్ముకునే బల్ల ఒకటి గుమ్మం పక్కనే వేసి, ఎంత ఇవ్వగలరో ముందే ఉత్తరంలో రాస్తే రచయితలు చాలావరకు అర్థం చేసుకుంటారు. రచయిత రాకుండా ఇతరులు ఆయన రచనను చదవవచ్చా అని కొందరు సందేహిస్తారు. ప్రచురితమైన సాహిత్య రచన నుంచి సమంజసమైన భాగాన్ని బహిరంగంగా చదవడాన్ని మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఉల్లంఘనగా పరిగణించదు. పుస్తకం మొత్తాన్ని చదవాలన్నా, నాటకంగా మార్చి ఆడాలన్నా సాధారణంగా హక్కుదారుల అనుమతి కావాలి.

రేడియోలో మాట్లాడుతున్నాను కనుక చివరగా ధ్వనిముద్రణ గురించి ఒక మాట చెబుతాను. నేడు జేబులోని ఫోనుతోనే పఠనాన్ని శుభ్రంగా రికార్డు చేయవచ్చు, దాన్ని రచయిత ముందున్న బల్ల మీద, కింద మెత్తని గుడ్డ వేసి ఉంచితే చాలు. రచయిత నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏ రచన, ఎవరు చదివారు, ఏ తేదీన, ఎక్కడ అన్న నాలుగు వివరాలను రికార్డు మొదట్లోనే ఎవరైనా గట్టిగా చెప్పండి, ఎందుకంటే కాగితం మీద రాసుకున్న వివరం కాగితంతోపాటు పోతుంది. ఒక ప్రతి గ్రంథాలయంలో, ఒక ప్రతి రచయిత ఇంట్లో ఉండాలి. ముందుగా రికార్డు చేయవలసింది వాడలోని పెద్ద వయసు రచయితలను. వారు సభకు రాలేకపోతే, ఉత్సవానికి వారం ముందు ఒక కార్యకర్త వారి ఇంటికి వెళ్లి చదివించుకుని రావచ్చు, సభలో ఆ గొంతును వినిపించవచ్చు.

నమస్కారం.