జోడీ లేని నాట్యం

అందరికీ నమస్కారం.

నియంతలు మాయం చేసిన పిల్లల కోసం వెతికే తల్లుల మీద పాటలు అనగానే చాలామంది యూటూ బ్యాండ్ పేరో, ఇంగ్లిష్ గాయకుడు స్టింగ్ పేరో చెబుతారు. ఆ రెండు పాటలూ 1987లో వచ్చాయి. మంచివే. కానీ అంతకు తొమ్మిదేళ్ల ముందే చిలీ ఆడవాళ్లు తమ పాట తామే కట్టుకున్నారు. నేను మాట్లాడేది దాని గురించి.

1973 సెప్టెంబర్ 11న సైన్యం చిలీ అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చింది. సైన్యాధిపతి, కొత్త నియంత పినోచెట్ మనుషులు ఇళ్ల నుంచి, ఫ్యాక్టరీల నుంచి జనాన్ని పట్టుకుపోయేవారు. తర్వాత వెళ్లి అడిగితే, అలాంటి మనిషే మా దగ్గర లేడనేవారు. తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు స్టేషన్లూ కోర్టులూ మార్చురీలూ తిరిగారు. కర్మ చేద్దామంటే శవం లేదు. చేయకుండా ఉందామంటే ఎన్నాళ్లని?

వీళ్లలో కొందరు ఒక జానపద బృందం పెట్టుకున్నారు. అక్కడ పండగలకు ఆడే నాట్యం క్వేకా. ఆడా మగా తెల్ల రుమాళ్లు ఊపుతూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, పుంజు పెట్ట వెంటపడ్డట్టు. 1978 మార్చి 8న శాంటియాగోలోని కౌపోలికాన్ థియేటర్‌లో ఒకావిడ గుండెల మీద ఫొటో పెట్టుకుని క్వేకాకి దిగింది. ఎదుట జోడీ లేడు. అయినా ఒక్క అడుగూ మార్చలేదు. లేనివాడి చుట్టూనే తిరిగింది, లేనివాడికే రుమాలు ఊపింది. దాన్ని క్వేకా సోలా అన్నారు, ఒంటరి క్వేకా.

పాట ఆ బృందంలోని గాలా టోరెస్ రాసింది. అందులో నినాదం లేదు, పినోచెట్ పేరు లేదు. ఒకప్పుడు సుఖంగా ఉన్నాను, నిన్నెక్కడ ఉంచారని అడుగుతూనే ఉన్నాను, ఎవరూ జవాబివ్వరు, నువ్వూ రావు... ఇంతే. మరుసటి ఏడాది, 1979లో, ప్రభుత్వమే క్వేకాని జాతీయ నాట్యంగా ప్రకటించింది! ఇంతకంటే వెటకారం ఎవరైనా కావాలని రాయగలరా?

స్టింగ్ పాట ఈ ఆడవాళ్లను పక్కన నిలబడి చూసి జాలిపడుతుంది. వీళ్ల పాట పోయినవాడితోనే మాట్లాడుతుంది. నాకు రెండోదే పెద్ద పాట. అలాగని మొదటిదాన్ని తక్కువ చేయను, ఈ సంగతి లోకానికి చేర్చింది అదే. 1990లో శాంటియాగో నేషనల్ స్టేడియంలో అతను పాడుతుంటే ఈ ఆడవాళ్లు వేదిక మీద నిలబడ్డారు. 1973లో వేలమందిని పట్టుకొచ్చి బంధించిన స్టేడియం అది.

2023లో చిలీ ప్రభుత్వం జాతీయ అన్వేషణ ప్రణాళిక మొదలుపెట్టేనాటికి, లెక్కకొచ్చిన 1,469 మందిలో 307 మంది అవశేషాలనే గుర్తించగలిగారు. చాలామంది తల్లులు అప్పటికే పోయారు.

ఇప్పుడు ఆ పాట వినిపిస్తాను. భాష తెలియకపోయినా ఫర్వాలేదు, దరువు గమనించండి. అది జంటగా ఆడే క్వేకా దరువే.