మూడో సిలిండర్ ఎందుకు మూగబోయింది?

(ఐటీఐ మోటార్ మెకానిక్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీరంతా ఇంకో ఏడాదిలో షెడ్డుల్లో చేరతారు. చేరిన మొదటి వారంలోనే మీ ముందుకు వచ్చే కంప్లైంట్ గురించి ఈ రోజు మాట్లాడతాను. కస్టమర్ వచ్చి, "అన్నా, బండి వణుకుతోంది, పికప్ లేదు, మిస్సింగ్ వస్తోంది" అంటాడు. వెంటనే ప్లగ్గులు మార్చేద్దామని చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి కాసేపు ఆపమని అడగడానికే వచ్చాను.

ముందు ఇంజన్ సంగతి చూద్దాం. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) తిరుగుతోందనుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి మండుతుంది. అంటే నిమిషానికి 400 సార్లు, నాలుగూ కలిపితే 1600. అందులో ఒకటి చచ్చిపోతే 1200 మిగులుతాయి. స్టీరింగ్ మీద చెయ్యి పెడితే తెలిసే ఆ కుదుపు అదే. ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ కూడా దాన్ని ఆ కుదుపుతోనే పట్టుకుంటుంది. చాలా బండ్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద 60 పళ్ల లెక్కలో రెండు తీసేసిన చక్రం ఉంటుంది. ఏ సిలిండర్ మండాల్సిన సమయంలో ఆ చక్రం కొంచెం నెమ్మదించిందో సెన్సర్ చూసి చెబుతుంది. ఆ కంప్యూటర్ కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ 0303 వచ్చిందంటే మూడో సిలిండర్ మండడం లేదని అర్థం. ఎందుకు మండడం లేదో ఆ కోడ్ చెప్పదు. అది మనం కనుక్కోవాలి.

ఒక బండి గురించి చెబుతాను. సీఎన్‌జీ మీద తిరిగే క్యాబ్. మా షెడ్డుకు రాకముందే వేరే చోట నాలుగు ప్లగ్గులు, మూడో సిలిండర్ ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. డబ్బు ఖర్చయింది, పీ 0303 మాత్రం పోలేదు. ఆ డ్రైవర్ మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది. బండి ఆగిన ప్రతి రోజూ ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. అందుకే స్పానర్ పట్టుకోకముందు ఆయన్ని కూర్చోబెట్టి, "ఎప్పుడు మిస్సవుతుంది బాబాయ్?" అని అడిగాను. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుందయ్యా. ఒక గంట తిరిగి సిగ్నల్ దగ్గర ఆగితే మొదలవుతుంది" అన్నాడు. అంతకుముందు ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదట.

కొత్త కాయిలే కదా అని వదల్లేదు. మూడో సిలిండర్ కాయిల్ తీసి రెండో దానికి, రెండో దాని కాయిల్ మూడో దానికి పెట్టి, కోడ్ చెరిపి మళ్లీ నడిపాం. కాయిల్ తప్పయితే కోడ్ 0302కి మారాలి. మారలేదు. ప్లగ్గులు కూడా అలాగే మార్చి చూశాం. అవీ బాగానే ఉన్నాయి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. పాత షెడ్డుల్లో చేసినట్టు నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్ వైరు మాత్రం పీకొద్దు. అందులో వేల వోల్టులు ఉంటాయి. మీకు షాక్ కొడుతుంది, కాయిలూ పాడవుతుంది.

ఇక్కడ ఒక మాట. ప్లగ్ బయటికి తీస్తే మొనే కాదు, తెల్ల పింగాణీ కూడా వెలుతురులో తిప్పి చూడండి. దాని మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత పైనుంచి కిందికి కనిపిస్తే, స్పార్క్ మొన దాకా రాకుండా ఆ గీత వెంట బాడీకి పారిపోతోందని అర్థం. అలాంటి ప్లగ్ ఒక్కటే మార్చి పాత కాయిల్ రబ్బరు బూట్ వదిలేస్తే, బూట్ లోపల కాలిన మచ్చ కొత్త ప్లగ్‌నీ పాడు చేస్తుంది. ప్లగ్ కూర్చునే గుంటలో ఆయిల్ ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయిందన్నమాట. దాన్ని మార్చకుండా ప్లగ్ మార్చి లాభం లేదు.

మళ్లీ ఆ బండి దగ్గరికి వద్దాం. పెట్రోల్ మీద నడిపినా మిస్సే, గ్యాస్ మీద నడిపినా మిస్సే. పెట్రోల్ ఇంజెక్టర్లు వేరు, గ్యాస్ ఇంజెక్టర్లు వేరు. రెండూ ఒకేసారి ఒకే సిలిండర్‌లో పాడవడం చాలా అరుదు. కాబట్టి వాటినీ పక్కన పెట్టాం. మిగిలింది కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి. ఇంజన్ వేడి మీద ఉండగానే నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి గేజ్ పెట్టాం. మిగతా మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఉన్నాయి. మూడోది 90 దాటలేదు. ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం. పిస్టన్ రింగులు పోతే ఆయిల్ సందులు మూసి రీడింగ్ పెరుగుతుంది. ఇక్కడ పెరగలేదు. అంటే అనుమానం ఎక్కువగా వాల్వ్ మీదే.

బండి పూర్తిగా చల్లారాక ట్యాపెట్ కవర్ తీశాం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌కూ దాన్ని తెరిచే క్యామ్‌కూ మధ్య ఉండాల్సిన సందులో, ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్‌లోని అన్నిటికన్నా పలుచటి రేకు కూడా దూరలేదు. గ్యాస్‌లో పెట్రోల్‌లా తడి ఉండదు, అందుకే వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటు త్వరగా అరుగుతుంది. సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరిగి సందు తగ్గుతుంది. ఇంజన్ వేడెక్కి వాల్వ్ సాగితే ఆ మిగిలిన సందు కూడా పోయి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. డ్రైవర్ చెప్పిన "ఒక గంట తర్వాత" అదే. ట్యాపెట్ చప్పుడు లేదంటే ఇంజన్ బాగుందని చాలామంది అనుకుంటారు. గ్యాస్ బండిలో మాత్రం ఆ నిశ్శబ్దాన్ని అనుమానించండి.

మా అదృష్టం కొద్దీ వాల్వ్ ఇంకా కాలలేదు. పలుచటి షిమ్ (సందు సరిచేసే బిళ్ల) వేసి, కంపెనీ మాన్యువల్ చెప్పిన సందు పెట్టాం. వేడి మీద కంప్రెషన్ 160 దాటింది. ఇంకో నెల అలాగే తిప్పి ఉంటే హెడ్ దించాల్సి వచ్చేది.

మీ కస్టమర్లందరికీ ఇంకో విషయం చెప్పండి. ఇంజన్ లైట్ నిలకడగా వెలిగితే మెల్లగా షెడ్డుకు తెచ్చుకోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం పక్కకు తీసి ఆపాలి. మండని పెట్రోల్ సైలెన్సర్ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టులాంటి పింగాణీ కరిగిపోతుంది. కాయిల్‌తో పోయేది కాస్తా ఎన్నో రెట్ల ఖర్చవుతుంది.

చెప్పాల్సింది అయిపోయింది, ఇప్పుడు చేతులతో చేద్దాం. బయట వేపచెట్టు కింద నాలుగు సిలిండర్ల బండి ఉంది. ఒక సిలిండర్‌లో పాడైన ప్లగ్ పెట్టి ఉంచాను. స్కానర్ నా దగ్గరే ఉంటుంది, మీకు ఇవ్వను. ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీస్తే ఇంజన్ చప్పుడులో మార్పు రాదో చెవి పెట్టి వినండి. నలుగురు నలుగురు చొప్పున రండి.