గట్టిమేళం ఆలస్యంగా మోగితే: పెళ్లి డీవీడీల ఆడియో సింక్

హోస్ట్: నమస్కారం. పాత పెళ్లి డీవీడీని ప్లేయర్‌లో వేస్తే బాగానే ఉంటుంది. అదే ఎడిటింగ్‌లోకి ఎక్కించాక పంతులుగారి పెదవులు ఒకటంటాయి, మైకు ఇంకోటంటుంది. ఇవాళ మనతో గుంటూరు నుంచి ఒక పెళ్లి వీడియోల ఎడిటర్ ఉన్నారు. అన్నా, ప్లేయర్‌లో లేని జబ్బు కంప్యూటర్‌లో ఎందుకొస్తుంది?

ఎడిటర్: డీవీడీలో బొమ్మా, సౌండూ చిన్న చిన్న ప్యాకెట్లుగా కలిసి ఉంటాయి తమ్ముడూ. ఏది ఏ క్షణాన రావాలో టైమ్‌స్టాంపులు చెబుతాయి. ప్లేయర్ వాటిని చూసుకుంటూ నడుస్తుంది. మనం వీడియో ఒక ఫైలు, ఆడియో ఒక ఫైలు అని విడదీశామనుకో, ఆ స్టాంపులు పోతాయి. ఆడియో అసలు కాస్త ఆలస్యంగా మొదలవ్వాల్సి ఉన్నా, రెండూ సున్నా దగ్గరే మొదలైపోతాయి.

హోస్ట్: అయితే ఆడియోని కాస్త అటో ఇటో జరిపితే సరిపోదా?

ఎడిటర్: అందరూ అక్కడే దెబ్బతింటారు. జరిపే ముందు మూడు చోట్ల చూడాలి. మొదట్లో ఒకటి, జీలకర్ర బెల్లం దగ్గర ఒకటి, చివర అప్పగింతల్లో ఒకటి. డోలు వాయించే షాట్ దొరికితే అదృష్టమే. డోలు మీద కర్ర తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపు. కింద వేవ్‌ఫామ్‌లో, అంటే సౌండ్‌ని గీతలుగా చూపించే బొమ్మలో, ముల్లులా పైకి లేచిన చోటు చూడు. మధ్యలో ఎన్ని ఫ్రేములు ఉన్నాయో లెక్కపెట్టు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ డీవీడీకి సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు.

హోస్ట్: మూడు చోట్లా ఒకే తేడా వస్తే?

ఎడిటర్: అప్పుడు నువ్వన్నట్టే, ఒకసారి జరిపితే అయిపోయింది. డీజీఇండెక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మనీ, సౌండ్‌నీ విడదీస్తే ఆడియో ఫైలు పేరులోనే 'డిలే' అని ఎన్ని మిల్లీసెకన్లో రాసిపెడుతుంది. ఆ అంకె చూడకుండా ఫైలు పేరు మార్చేసేవాళ్లను ఏమనాలో!

హోస్ట్: తేడా పెరుగుతూ పోతే?

ఎడిటర్: అది స్పీడు గొడవ. ఉదాహరణకు అమెరికా నుంచి వచ్చిన డిస్కు, అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉందనుకో. అందులో సెకనుకు 29.97 ఫ్రేములు. దాన్ని సాఫ్ట్‌వేర్ 30 అని నడిపిస్తే గంటకు 3.6 సెకన్లు తేడా పడుతుంది. మూడు గంటల పెళ్లికి దాదాపు 11 సెకన్లు! దీనికి ఆడియో జరిపి లాభం లేదు. ఫైలుకు ఫ్రేమ్‌రేట్ సరిగ్గా చెప్పాలి. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ వాడేవాళ్లు వేరియబుల్, అంటే ఫ్రేమ్‌రేట్ మారుతూ పోయే పద్ధతి, వదిలేసి 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' పెట్టుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు వేరియబుల్ అంటే పడదు.

హోస్ట్: మూడో రకం?

ఎడిటర్: అదే అసలు చిరాకు. కాసేపు బాగుంటుంది, ఉన్నట్టుండి ఒక గెంతు గెంతుతుంది. టీవీ పక్కన పెట్టుకునే డీవీడీ రికార్డర్‌తో క్యాసెట్లను ఎక్కించారు చూడు, అలాంటి డిస్కుల్లో ఎక్కువ. మధ్యలో పాజ్ నొక్కి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిచోటా ఆడియోలో చిన్న ఖాళీ ఉండొచ్చు. విడదీసేటప్పుడు ఆ ఖాళీలు మూసుకుపోతే, అక్కడి నుంచి సౌండ్ ముందుకు జరుగుతుంది. గీతలు పడి డ్రైవ్ కొన్ని ఫ్రేములు చదవలేకపోయినా ఇదే తంతు.

హోస్ట్: దానికి మందేంటి?

ఎడిటర్: ముందు విడదీయడం మానెయ్. ఇంకో మాట. డీవీడీలోని వీడియో టీఎస్ ఫోల్డర్‌లో వీవోబీ అనే వీడియో ఫైళ్లు 1 జీబీ దాటకుండా ముక్కలై ఉంటాయి. అవన్నీ ఒకే ధార, సైజు కోసం తెగ్గోసినవి. ఒక్కో ముక్కనీ విడిగా కన్వర్ట్ చేస్తే ప్రతి అతుకు దగ్గరా సౌండ్ తడబడుతుంది. మేక్‌ఎమ్‌కేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో టైటిల్ మొత్తాన్ని, అంటే పెళ్లి వీడియో మొత్తాన్ని, ఒకే ఫైలుగా తీసుకో, స్టాంపులు అలాగే వస్తాయి. తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కన్వర్షన్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియోకి 'ఏరీసాంపుల్' ఫిల్టర్ పెట్టి, 'ఎసింక్' 1 ఇవ్వు. ఖాళీ ఉన్నచోట నిశ్శబ్దం నింపుతుంది, ఎక్కువైన చోట కత్తిరిస్తుంది. ఆడియోని 48 కిలోహెర్ట్జ్ పీసీఎంగా, అంటే కుదించని సౌండ్‌గా, వీడియోని ఎడిటింగ్‌కి వీలైన ప్రోరెస్ లాంటి ఫార్మాట్‌గా మార్చి ఒకే మోవ్ ఫైలులో పెట్టుకుంటే ఎడిటింగ్ హాయిగా సాగుతుంది. ఫైలు సైజు చూసి భయపడకు, పని అయ్యాక తీసేయొచ్చు.

హోస్ట్: ఇంత చేసినా ఒక చోట గెంతితే?

ఎడిటర్: ఆ చోట క్లిప్‌ని కోసి, అక్కడి నుంచి ఆడియోని మళ్లీ డోలు దెబ్బకు కలుపు. చేత్తో చేసేదే, విసుగు పుడుతుంది కానీ తప్పదు.

హోస్ట్: చివరగా, అమెరికాలో ఉన్న మేనమామకి పంపాలంటే ఎన్‌టీఎస్‌సీకి మార్చాలా?

ఎడిటర్: అక్కర్లేదు. 25 ఫ్రేముల ఎంపీ4 అలాగే పంపెయ్. ఫోన్‌లోనూ, ల్యాప్‌టాప్‌లోనూ ఆడుతుంది.