'అవును' అనడానికి ఒక్క మాట చాలని ఊరు

కిరణ్: అక్కా, ఆ ఊరి పేరు ఇంకోసారి.

మాధవి: గోడెవార్స్‌వెల్డె. నాకూ నోరు తిరగడానికి రెండ్రోజులు పట్టింది. అక్కడివాళ్లు ముద్దుగా 'గోడ్' అనేస్తారు. ఉత్తర ఫ్రాన్సులో, బెల్జియం పొలిమేరలో ఉంటుంది. జనం రెండు వేలు ఉంటారేమో.

కిరణ్: పేరు వింటే ఫ్రెంచిలా లేదే!

మాధవి: చుట్టూ అన్నీ అలాంటివే. స్టీన్‌వోర్డె అంటే రాళ్ల రేవు, ఏరు దాటే చోటు. అదంతా ఫ్లాండర్స్ నేల, ఇప్పుడు చాలామటుకు బెల్జియంలో ఉన్న ప్రాంతం. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ యుద్ధాలు చేసి ముక్కలు ముక్కలుగా కలిపేసుకున్నాడు. ఈ వైపు ఊళ్లు 1678లో నైమేహెన్ సంధితో ఫ్రాన్సుకి పోయాయి. రాజు మారితే రైతుకేంటి, మర్నాడూ బీరులో వేసే హాప్ పాదుల దగ్గరికే వెళ్తాడు. ఇంట్లో మాట ఫ్లెమిష్‌గానే, అంటే డచ్చికి దగ్గరి ఆ నేల భాషగానే ఉండిపోయింది.

కిరణ్: స్మగ్లింగ్ సంగతి చెప్తానన్నావ్.

మాధవి: ఆగు, వస్తున్నా. ఫ్రాన్సులో పొగాకు అమ్మకం సర్కారు చేతిలో ఉండేది, ధర మండిపోయేది. అవతల బెల్జియంలో చవక. దొంగచాటుగా తెచ్చేవాళ్లని 'బ్లావర్లు' అనేవారు. కుక్కల్ని కూడా వాడారు తెలుసా? ఫ్రాన్సులో ఇంటి దగ్గర కడుపునిండా పెట్టి, బెల్జియం తీసుకెళ్లి పస్తులుంచేవాళ్లు. రాత్రికి ఒంటికి పొగాకు మూట కట్టి వదిలేస్తే, ఆకలికి అది పొలాలకి అడ్డంపడి ఒకటే పరుగు ఇంటికి!

కిరణ్: పాపం రా!

మాధవి: పాపమే. ఇప్పుడు ఊళ్లో సరిహద్దు జీవితం మీద మ్యూజియం పెట్టారు. ఉత్సవాల్లో ఊరేగించే పెద్ద బొమ్మ ఎవరిదనుకున్నావ్? ఆన్రి అని, కస్టమ్స్ వాడు!

కిరణ్: పోలీసుకి పూజ అన్నమాట. సరే, భాష?

మాధవి: నాకు పిచ్చెక్కించింది అదే. పశ్చిమ ఫ్లెమిష్‌లో 'అవును' కూడా మనిషిని బట్టి మారుతుంది. 'వస్తావా?' అంటే 'యోక్', అంటే 'అవును, నేను'. 'వాన పడుతోందా?' అంటే 'యోట్', 'అవును, అది'. నేను కాదనాలంటే 'నేంక్'.

కిరణ్: మనకి 'కాదు'తో ఉంది కదా. నేను కాను, నువ్వు కావు, మేం కాము.

మాధవి: భలే పట్టావ్! కానీ మన 'అవును' మాత్రం ఎవరికైనా అవునే. ఇంకోటి, ఇల్లు డచ్చిలో 'హౌస్' అయితే వీళ్లకి పాతకాలపు 'హూస్'.

కిరణ్: బడిలో చెప్తారా?

మాధవి: గొడవంతా అక్కడే. 1951లో బ్రెటన్, బాస్క్, కాటలన్, ఆక్సిటాన్ భాషల్ని బడిలో చెప్పొచ్చని ఫ్రాన్సు చట్టం చేసింది. ఫ్లెమిష్‌ని తీసేసింది, పక్క దేశం భాషకి యాస కదా అని. తల్లిదండ్రులు పిల్లలతో ఫ్రెంచే మాట్లాడటం మొదలుపెట్టారు. ఫ్లెమిష్ పెద్దవాళ్లు తమలో తాము గొడవ పడటానికి మిగిలింది. బడిలో చెప్పడానికి సర్కారు సరేనన్నది 2021 డిసెంబరులో.

కిరణ్: డెబ్బై ఏళ్లా!

మాధవి: అదీ, అవ్వలు తాతలు మిగిలాక. పైగా ఇంకో పేచీ. ఉద్యోగాలకి పనికొచ్చే డచ్చి నేర్పాలని కొందరు, అవ్వ మాటే నేర్పాలని కొందరు. నేనైతే అవ్వ పక్షం. డచ్చి ఎక్కడైనా దొరుకుతుంది, ఈ 'యోక్' ఎక్కడ దొరుకుతుంది?

కిరణ్: తిండి మాటేంటి?

మాధవి: పోట్యెవ్లేస్ అని, 'చిన్న కుండ మాంసం'. కోడి, కుందేలు లాంటివి ఉడికించి, జెల్లీలా గడ్డకట్టాక చల్లగానే ఫ్రైస్‌తో తింటారు.

కిరణ్: వచ్చే వారం వండి పెడతావా?

మాధవి: నేంక్.