ఉదయగిరి దాకా డాక్టర్ ఎందుకు రావడం లేదు?

[దృశ్యం: తెల్లవారుజాము, ఉదయగిరి బస్టాండ్. నెల్లూరు బస్సు ఎక్కుతున్న జనం. ఒకాయన చంకలో ఎక్స్‌రే కవరు.]

ఇక్కడి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. పెద్దాసుపత్రికి పోవాలంటే రానూపోనూ చార్జీలతో పాటు ఆ రోజు కూలీ పోయినట్టే. తీరా చూపించుకునేది షుగరో బీపీయో కూడా కావచ్చు.

నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ఒంగోలులో రిమ్స్ ఉంది. ఏటా డాక్టర్లు బయటికి వస్తూనే ఉన్నారు. ఇటువైపు రావడం లేదు, అంతే.

[దృశ్యం: రెండు జిల్లాల మ్యాప్. పడమటి మండలాల మీదికి కెమెరా.]

వెంటనే మనకు తోచేది బాండు. చదువయ్యాక పల్లెలో చెయ్యి, లేదంటే డబ్బు కట్టు. వద్దనను. కానీ అప్పటికే ఆ అబ్బాయి ఐదున్నరేళ్లు టౌన్‌లో గడిపి, పీజీ సీటు మీద కన్నేసి ఉంటాడు. పల్లెకు వచ్చినా రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఎవరిని చేర్చుకోవాలి, ఎక్కడ నేర్పాలి అన్న దగ్గరే మెడికల్ యూనివర్సిటీ తన పని మొదలుపెట్టాలి.

జపాన్‌లో జిచి మెడికల్ యూనివర్సిటీ 1972 నుంచి ఇదే చేస్తోంది. ప్రతి ప్రాంతం నుంచి కొద్దిమందిని ఎంచుకుని, సొంత ప్రాంతంలో 9 ఏళ్లు పనిచేస్తే ఫీజు అప్పు రద్దు చేస్తుంది. మనకు నీట్ ర్యాంకు ఉంది కాబట్టి అలా ఏరుకోవడం కుదరదు. కానీ ఉదయగిరి, కనిగిరి జిల్లా పరిషత్ స్కూళ్ల పిల్లలకు మన మెడికోలు సెలవుల్లో నీట్ పాఠాలు చెప్పడానికి అడ్డేముంది?

[దృశ్యం: కనిగిరి వైపు ఒక ఊరు. బోరింగు దగ్గర బిందెలు.]

ఇక ఎక్కడ నేర్పాలన్నది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ 1997లో కొందరు విద్యార్థులను ఏడాది పాటు చిన్న ఊళ్లలోనే ఉంచింది. పరీక్షల్లో వాళ్లేమీ వెనకబడలేదు. మన దగ్గరా మెడికోలు మొదటి ఏడాది నుంచే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నియమం ఉంది. మంచిదే. కాకపోతే కాలేజీ బస్సులో వచ్చి, బీపీ చూసి, ఫొటో దిగి, భోజనం వేళకు హాస్టల్ చేరితే అది పిక్నిక్కే. ఫ్లోరైడ్‌తో నడుము బిగుసుకుపోయిన మనిషిని పుస్తకంలో ఫొటోగా చూడటం వేరు. ఆయన గుమ్మంలో కూర్చుని, ఏ బోరు నీళ్లు తాగుతున్నావు పెద్దాయనా అని అడగడం వేరు.

[దృశ్యం: రాత్రి. పీహెచ్‌సీ వరండాలో ఒక్క లైటు.]

జీతం, క్వార్టర్స్ సంగతి అందరూ చెబుతారు. భయం సంగతి ఎవరూ చెప్పరు. పొలంలో రక్తపింజరి కరిచిన మనిషిని తెచ్చారనుకోండి. పెద్దాసుపత్రిలో అయితే చుట్టూ సీనియర్లు, ల్యాబు. ఇక్కడ కుర్ర డాక్టరు ఒక్కడే. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రక్తం తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టలేదంటే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. దీనికి ల్యాబు అక్కర్లేదు, చేసి చూసిన అనుభవం ఉంటే చాలు. అది చదువుకునేటప్పుడే, ఇలాంటి చోటే రావాలి.

అయినా టెన్షన్ ఉంటుంది. ఆ 20 నిమిషాల్లో ఫోన్ ఎత్తే ప్రొఫెసర్ ఒకరు నెల్లూరులో ఉండాలి.

[దృశ్యం: పీహెచ్‌సీ గోడ. డ్యూటీ చార్టు పక్కన ఒక ఫోన్ నంబరు రాస్తున్న చేయి.]